సోమక్క చెప్పిన సాక్ష్యం

మా ఊరి బస్సు స్టేజీ దగ్గర పల్లీలు అమ్ముకునే సోమక్క, పొద్దున మొదటి బస్సు రాకముందే సిమెంటు బల్ల ఊడ్చి, దాని మీద చేయి ఆనించి, ఆ బస్సు డ్రైవరు కోసం, కండక్టరు కోసం ప్రార్థన చేసేది. ఎవరొస్తారో తెలియదు కాబట్టి "ప్రభువా, పేర్లు నీకెరుకే" అనేది. కళ్లకు పొర కమ్మింది. మనుషులను గొంతును బట్టే పోల్చుకునేది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. బంద్ సంగతి తెలియక ఒకనాడు ఎప్పటిలాగే గంప దించుకుంది. రఘునాథపల్లి వైపు నుంచి వచ్చిన బస్సును కొందరు ఆపి, అందరినీ దింపి నిప్పుపెట్టారు. ఆ పొగలో ఎవరో సోమక్కను భుజం పట్టి లేపి దూరంగా కూర్చోబెట్టారు. మళ్లీ వెళ్లి పల్లీల గంప కూడా తెచ్చిచ్చారు.

"అవ్వా, జర గిటు జరుగు, అద్దాలు పగుల్తయ్" అన్న గొంతు పక్కింటి భూలక్ష్మి కొడుకు ఐలేశ్‌ది అనుకుంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. సాక్ష్యమంటే మాకు, దేవుడు చేసిన మేలు పదిమందిలో ఒప్పుకోవడం. దేవుడే ఐలేశ్‌ను పంపి తనను కాపాడాడని మైకులో చెప్పి ఏడ్చింది. మేమందరం స్తోత్రం అన్నాం.

ఆ మైకు బజారు దాకా వినపడుతుంది. బుధవారం పోలీసులొచ్చి, బస్సు కాల్చినవాళ్లలో ఉన్నాడని ఐలేశ్‌ను పట్టుకుపోయారు. తర్వాత సోమక్క దగ్గరికి వచ్చి, సాక్ష్యం చెప్పాలన్నారు. గొంతు అట్లే ఉండెనని, మొఖమైతే చూడలేదని చెప్పింది. రాసుకున్నది ఆమెకు చదివి వినిపించలేదు.

బస్సు కాలిన రోజు కొడుకు బచ్చన్నపేటలో మేనత్త ఇంట్లో ఉన్నాడని భూలక్ష్మి అందరి కాళ్లూ పట్టుకుంది. చివరికి సోమక్క గడపలో నిలబడి, "మీ దేవునికి మొక్కవోయి నా కొడుకును అప్పజెప్పినవ్ గదా, అక్కా" అన్నది.

విన్నంతే చెప్పావు, తప్పులేదని పాస్టరు అబ్రహాంగారు ఓదార్చబోయారు.

"లేదు అయ్యగారూ. దేవుని ముందట ఎక్కువ జెప్పిన, పోలీసోళ్ల ముందట తక్కువ జెప్పిన. ఏది నిజమో నాకే తెలుస్తలేదు" అంది సోమక్క.

తలుచుకున్నకొద్దీ ఆ గొంతు ఒకసారి ఐలేశ్‌దిలా, ఒకసారి ఎవరిదో పరాయివాడిదిలా వినిపించేదట. స్టేజీలో కుర్రకారు మాత్రం, సోమక్క ఇన్నదంటే ఆదివారం మైకుల వస్తదని నవ్వుకునేవారు. ఆమె చర్చిలో మళ్లీ సాక్ష్యానికి లేవలేదు.

రెండు నెలలకు ఐలేశ్ జామీను మీద వచ్చాడు. అప్పటినుంచి ఆమె వినేలా ఒక్క మాట మాట్లాడలేదు. స్టేజీకి వస్తే రోడ్డుకు అవతలే నిలబడేవాడు. తర్వాత రాష్ట్రం వచ్చింది, ఉద్యమం కేసులు ఎత్తేశారు. బస్సు కాల్చింది ఎవరో ఏ కోర్టూ తేల్చలేదు.

ఆ ఏడాది వానల్లో సోమక్క జ్వరంతో మంచం పట్టింది. ఎవరూ చెప్పకుండానే భూలక్ష్మి గిన్నెలో జావ పట్టుకొచ్చి, లేపి తాగించింది. మూడు రోజులూ అట్లే తాగించి, గిన్నె కడుక్కొని వెళ్లిపోయింది. నాలుగో రోజు సోమక్క ఆమె చేయి వదల్లేదు.

"నీ కొడుకును ఒక్కసారి పంపియ్యి, భూలక్ష్మీ. నువ్వా కాదా అని అడగ. మాఫీ అడుగుత, గంతే."