ఫోన్ గుర్తుపట్టిన గుండు

మందుల వల్ల మా అవ్వ జుట్టంతా రాలిపోయింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకుంటోంది. జబ్బు తగ్గుముఖం పట్టిందని డాక్టరు చెప్పాడు. నెలల తర్వాత తనే నోరు తెరిచి అన్నం అడిగి తింటోంది కూడా. అయినా కొంగు తలమీంచి జారనివ్వదు. ఫోటో అంటే ముఖం తిప్పేసుకుంటుంది. పది రోజుల్లో నస్పూర్‌లో నా తమ్ముడి గృహప్రవేశం ఉంటే, రానంటే రానని కూర్చుంది.

"నలుగురి ముంగట గీ తలకాయతోని ఎట్ల కూసుంట?" అంది.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. కన్నకొడుకు ఇంటికంటే జుట్టు ఎక్కువా అని గట్టిగానే అరిచాను. తర్వాత వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చాను.

కొత్తింటి గోడకు పాత ఫోటోలు కావాలని తమ్ముడు అడిగాడు. ఆల్బమ్‌లన్నీ స్కాన్ చేయించి ఫోన్‌లోకి ఎక్కించాను. ముఖాలు గుర్తుపట్టి ఎవరి ఫోటోలు వాళ్ల పేరు కింద చేర్చే యాప్ ఒకటి ఉంది. అనుమానమొస్తే రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనా అని అడుగుతుంది. గని నుంచి బొగ్గు మసితో వచ్చిన మా నాన్నను, బాపును కూడా ఇట్టే పట్టేసింది. అడిగిందే అడుగుతుంటే చివరికి నాకు విసుగొచ్చింది. అవ్వ ముఖం పక్కన ఒక గుండు ముఖాన్ని పెట్టినప్పుడు, వేములవాడలో గుండు చేయించుకున్న మేనమామ అనుకుని 'కాదు' అని నొక్కేశాను. అక్కాతమ్ముళ్లది ఒకటే పోలిక మరి. ఆ ముఖం పేరు లేకుండా అడుగున పడిపోయింది.

రెండు రోజుల తర్వాత అవ్వ స్నానం చేసి, కొంగు తీసి వాకిట్లో ఎండకు కూర్చుంది. తమ్ముడికి చూపిద్దామని చాటుగా ఒక ఫోటో తీశాను. తప్పే. యాప్ దాన్ని అవ్వ పేరు కింద చేర్చలేదు. ఆ పేరులేని గుండు పక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనా అని అడిగింది.

పాత ఫోటో పూర్తిగా తెరిచి చూశాను. మేనమామ కాదు. మెడలో పుస్తెలతాడు, ఒళ్లో మూడేళ్ల నేను. కన్నతల్లిని కాదన్నానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ తీసుకెళ్లి అవ్వకు చూపించి, చేసిన రెండు తప్పులూ ఒప్పుకున్నాను. చాటుగా ఫోటో తీసినందుకు తిట్టింది. పాత ఫోటో చూశాక మెత్తబడింది. నాకు జ్వరం తగ్గక కళ్లు తేలేస్తే, బతికితే తన జుట్టు ఇస్తానని వేములవాడ రాజన్నకు మొక్కుకుందట. నడుము దిగిన జడ అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు.

ఏడ్చావా అని అడిగాను.

"ఎందుకేడుస్త బిడ్డా? నువ్వు లేసి బువ్వ అడిగినవ్. గా సంబురంల ఎంటికలు యాదికే రాలే."

ఆమె పక్కనే కూర్చుని అన్నాను.

"మొన్న నువ్వు బువ్వ అడిగినవ్ అవ్వా. నాకు గూడ నీ ఎంటికలు యాదికి రాలే."

అవ్వ తల తడుముకుంది. ఫోన్ ఇటివ్వమని, 'అవును' ఎక్కడుందో అడిగి తనే నొక్కింది. ఆ ముఖానికి అవ్వ పేరు నేను పెట్టాను.

గృహప్రవేశం నాడు కొడుకు పక్కన ముందు వరసలో కూర్చుంది. కొంగు భుజం మీదే ఉంది. ఆ రోజు తీసిన ఫోటోలన్నిటినీ ఫోన్ నన్నేమీ అడగకుండానే అవ్వ పేరు కింద చేర్చింది.