మా మామ కొలత

మొన్న మంగళవారం మా మామను మా ఇంట్లో గోడకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తించి కూర్చోబెట్టాను. అవును, బోరంచ ఊరి పటేల్‌నే! నవ్వకండి, ఛాయ్ పొలమారుతుంది. ఆయన చేతులెత్తిన మాట నిజం, ఎత్తించింది నేనన్న మాటా నిజం. కానీ మీరనుకుంటున్నట్టు కాదు. జర ఓపిక పట్టండి, మొదటినుంచి చెప్తాను.

నేను అల్లుతానని మీకు తెలుసు. నారాయణఖేడ్‌లో తెలియనివాళ్ళు ఎవరున్నారు కనుక? పగలు బడిలో లెక్కలు చెప్తాను, ఇంటికొచ్చి ఉన్నితో అల్లుతాను. అప్పుడెప్పుడో కాలు విరిగి దవాఖానలో పడి ఉన్నప్పుడు, అందరిమీదా ఊరికే అరుస్తున్నానని ఒక నర్సమ్మ రెండు పుల్లలూ ఉన్ని ఉండా చేతిలో పెట్టింది. కాలు అతుక్కుంది, పుల్లలు వదల్లేదు. ఇప్పుడు దేశాల నడుమ లడాయి పుణ్యమా అని పట్నంలో మెత్తటి ఊలు దొరకడం లేదు. అందుకని గొర్లు కాసే కురుమోళ్ళు గొంగళ్ళకోసం వడికే నల్ల ఉన్నే తెచ్చుకుంటాను. సైకిల్ చక్రం పుల్లలు రెండు అరగదీసి పెట్టుకున్నాను. ఆ ఉన్ని తొడుక్కుంటే గోక్కోవడం తప్పదు, సాగదీస్తే సాగనూ సాగదు, కానీ చలి మాత్రం దగ్గరికి రాదు.

ఇంట్లో పిల్లులు రెండు. జొన్నల గుమ్మిలో ఎలుకలు పడుతున్నాయని నా భార్య సంగమ్మ తెచ్చింది. నల్లదాని పేరు దొర, మచ్చలదాని పేరు బుడ్డి. అవి ఎలుకను పట్టగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. దొరకు నా ఉన్ని బుట్టే పరుపు. అదీ నలుపే, ఉన్నీ నలుపే. ఒకరోజు కొస దొరికిందనుకొని తోక పట్టి లాగాను. గీతలు ఇంకా ఉన్నాయి, ఇదిగో చూడండి.

ఇక మామ సంగతి. పెద్ద మనిషి. వయసులో కాదు, కొలతలో. ఆయన గట్టిగా దగ్గితే బాటమీద ఎడ్లు ఆగిపోతాయి. నేను అల్లడం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి ఇంటికొచ్చాడు. నేను కాలు చాపుకొని, ఒళ్ళో పిల్లి, చేతిలో పుల్లలు. ఆయన గడప దాటిన కాలును వెనక్కి తీసుకున్నాడు.

"సంగీ, నీ పెనిమిటి ఏం జేస్తుండు?"

"అల్లుతుండు నాయినా."

"మొగోడు?"

సంగమ్మ కొంగు సర్దుకుంది. నేను పుల్లలను ఒళ్ళో పిల్లి కిందికి తోశాను. బుడ్డి మాత్రం మ్యావు అన్నది.

"నీళ్ళు గూడ వద్దు" అని వెళ్ళిపోయాడు. అంతే! అప్పటినుంచి కచ్చేరిలో పేషీ, అంటే వాయిదా, ఉంటే నారాయణఖేడ్ వస్తాడు, సరాయిలో తింటాడు, మా వాకిట్లో నిలబడి "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగి పోతాడు. గడప తొక్కడు. ఆయన పోయాక సంగమ్మ పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంది. ఏమైందంటే "పొగ" అంటుంది. పొయ్యి అప్పటికి ముట్టించి ఉండదు.

నాకు బాధగా ఉండేది. నన్నేమన్నా పడతాను. నా పుల్లల మూలంగా ఆమె పుట్టిల్లు వాకిట్లోనే నిలబడిపోయిందే, అది మాత్రం మింగుడుపడలేదు.

అందుకని ఈ చలికాలం ఒక ఉపాయం ఆలోచించాను. మామకు చలి పడదు, దగ్గు. ఆయనకే ఒక స్వెటర్ అల్లితే? ఆడపని అన్న మనిషి ఆ ఆడపనినే తొడుక్కుని వెచ్చగా కూర్చుంటే, ఇక ఏ నోటితో అంటాడు? సంగమ్మకు చెప్తే ఆమె ముఖం విప్పారింది.

"స్వెటరో గివెటరో నాకు ఎర్క లేదయ్యా. నాయిన ఇంట్లకొచ్చి కూసొని ఒక్క రొట్టె తింటె సాలు నాకు."

కొలత కావాలి కదా. ఆయన్ను అడిగితే పని చెడుతుంది. నల్లపోచమ్మకు మొక్కు ఉందని సంగమ్మ బోరంచ పోయింది. మామ తోటకు పోయినప్పుడు గూటానికి తగిలించి ఉన్న ఆయన అంగీ తీసి ఎర్ర దారంతో కొలిచి, ముడులు వేసి తెచ్చింది. దారం కొసనుంచి మొదటి ముడిదాకా ఛాతీ వెడల్పు. అక్కణ్ణుంచి రెండో ముడిదాకా పొడవు. అక్కణ్ణుంచి మూడో ముడిదాకా చెయ్యి. లెక్కల పంతులు పెండ్లాం అనిపించింది! ఆ దారాన్ని గోడకున్న మేకుకు తగిలించాను.

మరునాడు బడినుంచి వచ్చేసరికి దారం కింద పడి ఉంది. పక్కన దొర పడుకొని మరోవైపు చూస్తున్నది. తీసి దులిపి మళ్ళీ తగిలించాను. కొస కొంచెం పీచు లేచింది. సంగమ్మ చేతిలో నలిగి ఉంటుందిలే అనుకున్నాను.

అల్లిక మొదలుపెట్టి నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చాక నాకు అనుమానం వచ్చింది. ముక్కను ఎత్తి పట్టుకొని చూశాను. పొడుగాటి దిండు గలేబులా ఉంది. నా అందాజుకైతే అడ్డంగా ఇంకో జానెడు ఉండాలి.

వంటింట్లోకి పోయి, "మీ నాయిన గింత సన్నగుంటడా?" అని అడిగాను.

సంగమ్మ రొట్టె కొడుతున్నది, తల ఎత్తలేదు. "బక్కగైండయ్యా. అమ్మ పోయినంక సరిగ తింటలేడు."

ఏ కూతురికైనా తండ్రి బక్కచిక్కినట్టే కనిపిస్తాడన్న జ్ఞానం నాకు అప్పుడు లేదు. ఆలోచించాను. ఆయన లావని నాకెవరు చెప్పారు? నా కళ్ళు. నా కళ్ళకు ఆయనంటే ఏమిటి? భయం! తలపాగా, ఉత్తరీయం, మీసం, ఆ దగ్గు... ఇవన్నీ తీసేస్తే మనిషి లోపల ఇంతే కాబోలు. కళ్ళు మోసం చేస్తాయి కానీ కొలత చేయదు కదా! బడిలో పిల్లలకు రోజూ నేను చెప్పేది ఇదే. "అందాజు మీద చెప్పొద్దు, కొలిచి చెప్పు." ఇన్నేళ్ళూ ఈ పాటి మనిషికా నేను భయపడింది అనుకుంటే నామీద నాకే నవ్వొచ్చింది.

అల్లిక పెరిగేకొద్దీ నాకు ధైర్యం పెరిగింది. నడక మారింది. బడిలో ఉర్దూ చెప్పే ఖాదర్ సాబ్ ఒక సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని చూశాడు.

"మాస్టర్ సాబ్, ఇది ఏంది? బందూకుకు గలేబా?"

"కాదు సాబ్. మా మామకు స్వెటర్."

"పటేల్ సాబ్‌కా? ఏమాయె, తబియత్ ఖరాబా?"

"ఏం లేదు. ఆయన గింతే ఉంటడు. మనమే ఎక్కువ అనుకున్నం."

ఖాదర్ సాబ్ నన్ను కాసేపు చూసి, ఛాయ్ తాగి, "అల్లా రహమ్ కరే" అని వెళ్ళిపోయాడు.

సంగమ్మతో కూడా గొప్పలకు పోయాను. "ఈసారి రానియ్యి మీ నాయినను. వాకిట్ల నిలవడనిస్తనా? చెయ్యి వట్టి కూసోవెడ్త!" ఆమె భయపడింది. నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మొన్న మంగళవారం మామకు పేషీ. చలి గాలి కోస్తున్నది. పొద్దున్నే వాకిట్లో దగ్గు వినిపించింది. నేను ఛాతీ విరుచుకొని తలుపు తీశాను. తీసేసరికి వాకిలి నిండా మామ. వెనకాల వీధి కనబడలేదు. ఎండ కూడా రాలేదు. ఆయన ఒక్క ఇంచీ కూడా తగ్గలేదండీ! నా చేతిలో ఉన్న స్వెటర్‌ను వీపు వెనక దాచబోయాను. సంగమ్మ గుంజుకొని వాకిట్లోకి ఉరికింది.

"నాయినా, నీకే! సలికి నీకోసమే అల్లిండు. ఒక్కసారి ఏసుకో నాయినా, ఇంట్లకొచ్చి!"

మామ స్వెటర్‌ను చూశాడు, నన్ను చూశాడు, చివరికి కూతురి ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, గడప దాటాడు. ఇన్నేళ్ళకు! ఆ సంతోషంలో "వద్దు మామా, అది సరిపోదు" అనే మాట అనడమే మరిచిపోయాను. ఆ మాట అని ఉంటే ఈ కథ లేదు.

మామ తలపాగా, ఉత్తరీయం తీసి పక్కన పెట్టి, చేతులు రెండూ పైకెత్తి స్వెటర్ చేతుల్లో దూర్చాడు. చేతుల పొడవు సరిగ్గా వచ్చింది. అది నిజంగా మంచి పని, ఎవరైనా ఒప్పుకోవాలి. తల దూర్చాడు. కాసేపు చీకట్లో ఉండి బయటికి వచ్చింది. ఆ తర్వాత స్వెటర్ చంకల దగ్గర ఆగిపోయింది.

"కిందికి గుంజుండ్రి" అన్నాడు.

నేనొకవైపు, సంగమ్మ ఒకవైపు గుంజాం. దిగలేదు.

"గట్లయితే మీదికి తియ్యుండ్రి."

ఎక్కలేదు. గొంగడి ఉన్ని అన్నాను కదా, పట్టిందంటే విడవదు. మామ రెండు చేతులూ ఆకాశానికెత్తి, ఎవరో దొంగలు నిలబెట్టినట్టు నిలబడ్డాడు.

"ఇగ ఎట్ల?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మెల్లగా ఉంది.

"కూసోండ్రి మామా" అని గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అదీ మంగళవారం సంగతి!

"బజార్ల ఎవ్వరన్న జూస్తే? తలుపెయ్యి!" అన్నాడు. వేశాను. సంగమ్మ కత్తెర తెచ్చింది. అప్పుడు నా నోటినుంచి ఒక మాట వచ్చింది. "కొయ్యొద్దు!" మామ నావైపు చూశాడు. ఆయనకు ఎదురు మాట చెప్పడం అదే మొదలు. ధైర్యం కాదండీ, అల్లేవాళ్ళకు అదొక రోగం. కొస దొరికితే విప్పుకోవచ్చు, కోస్తే ఉన్ని పాడవుతుంది. మామను గోడనుంచి జర ముందుకు జరిపి, మెడ వెనక కూర్చుని, ముడి వెతికి విప్పడం మొదలుపెట్టాను.

విప్పడం అంటే తొందరగా అయ్యే పని కాదు. వరుస వెనక వరుస. పేషీ టైం దాటింది, నా బడి టైమూ దాటింది. ఆయన భుజంమీద ఆడుతున్న కొసను చూసి బుడ్డి ఎగిరింది. దాన్ని తరిమేలోపు దొర వచ్చి మామ ఒళ్ళో ఎక్కి, మూడు చుట్లు తిరిగి పడుకుంది. "దీన్ని తియ్యుండ్రి" అన్నాడు మామ. నా చేతుల్లో ఉన్ని, సంగమ్మ చేతుల్లో పిండి, ఆయన చేతులు పైన. ఎవరు తీస్తారు? దొర గురగురమంటున్నది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పొద్దు నెత్తిమీదికొచ్చింది. సంగమ్మ వేడి జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి ఆయన ముందు కూర్చుంది.

"నాయినా, పొద్దటిసంది ఏం తినలేదు. నోరు తెరువు."

మామ దూలం వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ఆమె తుంచి, కూర అద్ది, ఒక్కొక్క ముక్కా పెడుతున్నది. "చిన్నప్పుడు నువ్వు గిట్లనే తినిపిస్తుంటివి నాయినా" అన్నది. ఆయన నమలడం ఆపాడు, మళ్ళీ నమిలాడు. మరో రొట్టె తిన్నాడు. నేను మెడ వెనక ఉన్నాను కాబట్టి నా ముఖం ఎవరికీ కనబడలేదు. మంచిదే అయింది.

రెండో రొట్టె అయ్యేసరికి చేతులు కిందికి దిగాయి. విప్పిన ఉన్ని మొత్తం చిక్కుపడకుండా చుట్టాలి కదా, "మామా, చేతులు జర ముందుకు పెట్టుండ్రి" అన్నాను. అలవాటైపోయిందేమో, పెట్టాడు. ఆ రెండు చేతులకూ ఉన్ని చుట్లు వేసి, నేను ఎదురుగా కూర్చుని ఉండ చుడుతున్నాను. ఆయన ఏ వైపు దారం వస్తే ఆ వైపు చెయ్యి వంచుతున్నాడు. బాగా వంచాడు!

సరిగ్గా అప్పుడు, నేను బడికి ఎందుకు రాలేదో చూద్దామని తలుపు తోసుకొని ఖాదర్ సాబ్. పటేల్ చేతులకు ఉన్ని, ఒళ్ళో పిల్లి.

"సలాం పటేల్ సాబ్! ఏందిది, ఆప్ భీ? మీరు గూడనా?"

నా చేతిలో ఉండ ఆగిపోయింది. ఇక లేచి పోతాడు, మళ్ళీ రాడు. వాకిట్లో కూడా నిలబడడు. సంగమ్మ పళ్ళెం పట్టుకొని అలాగే నిలుచుంది.

మామ గట్టిగా దగ్గాడు. "మా అల్లునికి జర మదద్ జేస్తున్న. నువ్వు తలుపెయ్యి, సలి వస్తున్నది" అన్నాడు.

ఆ తర్వాత సంగమ్మ బుట్ట దులిపితే, దొర పడుకునే చోట జానెడు ఎర్ర దారం ముక్క దొరికింది. ఒక కొస నమిలి ఉంది. మేకుకు తగిలించిన కొలత దారానికి ఆనించి చూస్తే అతికినట్టు సరిపోయింది. మామ ఆ ముక్కను చూశాడు, దొరను చూశాడు, నన్ను చూశాడు.

"లెక్కలు జెప్తవా నువ్వు?" అన్నాడు.

"చెప్తున్న మామా."

"పోరగాండ్లకా?"

"అవు మామా."

మామ తలపాగా చుట్టుకున్నాడు. వెళ్ళేముందు వాకిట్లో కాదు, ఇంటి నడుమ నిలబడి, చేతులు రెండూ చాపి, "కొల్వు. ఈసారి సక్కగ కొల్వు" అన్నాడు. కొలిచాను. దారం ఆయన చుట్టూ తిప్పడానికి నేనే ఒక చుట్టు తిరగాల్సి వచ్చింది. కొలిచి చూద్దును కదా, మొదట భయంతో నేను అందాజుగా ఎంతనుకున్నానో, సరిగ్గా అంతే! ఇంచీ అటూ ఇటూ లేదు.

ఇన్నేళ్ళనుంచి పిల్లలకు కొలతనే నమ్మమని చెప్తున్నానండీ. నా భయాన్ని నమ్మి అల్లి ఉంటే మొదటిసారే సరిపోయేది.