ఐసు దాచిన నొప్పి

1974 జూన్‌లో నన్ను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల వార్డుకు డ్రెస్సర్‌గా బదిలీ చేశారు. కట్లు కట్టడం, విప్పడం డ్రెస్సర్ పని. నాకు పైన స్టాఫ్ నర్సు సుగుణమ్మ సిస్టర్. ఆమె పోయిన నెల కన్నుమూశారు. ఆమె దగ్గర నేర్చుకున్న ఒక విషయం రాసి ఉంచుతున్నాను.

ఒకరోజు చాంద్రాయణగుట్ట నుంచి యాదమ్మ అనే ఆమె వచ్చింది. బర్రెల పాలు పిండి అమ్ముకునే కుటుంబం. బర్రె తన్ని కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. డాక్టరుగారు వాటిని సరిచేసి స్లాబ్ వేయించారు. వాపు పెరుగుతుందనుకున్నప్పుడు చెయ్యి చుట్టూ కాక ఒకవైపే వేసే పిండికట్టు అది. పైన పట్టీ చుట్టాలి. చుట్టింది నేనే. తర్వాత చెయ్యి దిండు మీద ఎత్తి ఉంచి, రబ్బరు సంచిలో ఐసు వేసి, గుడ్డ మీదుగా పావుగంట పెట్టి తీయాలి. గంట ఆగి మళ్లీ పెట్టాలి.

ఆమె అత్తకు ఇది నచ్చలేదు. "ఇరిగిన బొక్కకు ఐసు పెడ్తరా? బర్రె ఒక్కపారే తన్నింది, మీరు గంటగంటకు సంపుతున్రు" అంది.

మధ్యాహ్నం యాదమ్మ నొప్పి ఓర్చుకోలేక ఏడ్చింది. నేను గంట ఆగకుండా ఐసు వెంటవెంటనే పెట్టాను. కాసేపటికి ఏడుపు ఆగింది. అత్తవైపు కొంచెం గర్వంగానే చూశాను. యాదమ్మ వేళ్లు చల్లగా, పాలిపోయి ఉన్నాయి. ఐసు వల్లే అనుకున్నాను.

తగ్గిందా అని అడిగితే, "నొప్పి సంగతేమో గానీ తమ్మీ, నా చేతికి ఏళ్లే లేనట్టున్నయి" అంది.

ఆ మాట విని సిస్టర్ వచ్చారు. గోరు నొక్కి వదిలారు. ఎరుపు తిరిగి రాలేదు. ఒక వేలు మెల్లగా చాపితే ముంజేతిలో నొప్పికి యాదమ్మ కేక పెట్టింది.

"ఏంది భాయ్, ఏడుపు ఆగిందని ఖుష్ అయితున్నవా? కత్తెర తే!"

వాపుకు బిగిసిన పట్టీని, లోపలి దూదిని చర్మం కనిపించేదాకా ఆమే కత్తిరించారు. కబురు అందుకుని డాక్టరుగారు వచ్చేసరికి గోళ్లకు రంగు తిరుగుతోంది. ఇంకా ఆలస్యమైతే ఆ చేత్తో ఆమె ఇక పాలు పిండేది కాదని ఆయన నాతో చెప్పారు. సాయంత్రానికి యాదమ్మ వేళ్లు కదిలించింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఐసు పెట్టే ముందు వేళ్ల రంగు, స్పర్శ, కదలిక చూశాను. నొప్పి పెరుగుతుంటే ముందు కట్టు వదులు చేశాను. ఐసు నొప్పిని, వాపును తగ్గిస్తుంది. బిగిసిన కట్టును వదులు చేయదు. పైగా, కట్టు బిగిసిందని చెప్పే నొప్పిని మన కంటపడనివ్వదు.