నర్సింహ విన్న ఇంగ్లీషు

2018 జూన్‌లో నన్ను ఆంగ్ల సామర్థ్య నిర్ధారణ కమిటీకి కన్వీనర్‌గా వేశారు. అప్పటికి నేను ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు విభాగాధిపతిని. హోదా అసోసియేట్ ప్రొఫెసర్. ప్రొఫెసర్ ఎందుకు కాలేదన్నది వేరే కథ, అది ఇక్కడ ఎత్తను. కమిటీ పేరు ఎంత పొడుగో పని అంత చిన్నది. విదేశాల్లో పన్నెండో తరగతి దాకా చదివి వచ్చినవాళ్లు మా దగ్గర డిగ్రీలో చేరాలంటే, ఆ చదువు ఇంగ్లీషు మాధ్యమంలో సాగిందని రుజువు చూపాలి. చూపలేనివాళ్లకు మేము పరీక్ష పెట్టేవాళ్లం. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. నాలుగింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి. ఒకదాంట్లో మిగిలిన మార్కులు ఇంకోదాంట్లో కలిపే ఏర్పాటు లేదు. జూలైలో ఒక అవకాశం, తప్పిన భాగాలకు ఆగస్టులో ఇంకొకటి. అంతవరకు సీటు తాత్కాలికం. రెండోసారి కూడా తప్పితే సీటు రద్దవుతుంది, మళ్లీ రాయనివ్వరు.

ఈ పరీక్షకు మామూలుగా సూడాన్ నుంచో యెమెన్ నుంచో వచ్చిన పిల్లలు కూర్చునేవాళ్లు. ఇబ్రహీంపట్నం మండలం పిల్ల ఒకతె వచ్చి కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ అమ్మాయి పేరు పావని.

పావని తండ్రి యాదిరెడ్డి ఇక్కడికి దగ్గర్లోని ఒక పల్లెలో కొద్దిపాటి మెట్టచెలక ఉన్న రైతు. ఈ నేలలో బోర్లు వేయించి వేయించి విసిగి, చివరికి బోర్లు వేసే పనిలోకే దిగాడు. ఒక భాగస్వామి దొరికితే ఇద్దరూ కలిసి బోరుబండిని ఓడెక్కించుకుని ఆఫ్రికాలోని మొజాంబిక్‌కు పోయారు. భార్యనూ, అప్పటికింకా పాలపళ్లు ఊడుతున్న పావనినీ వెంట తీసుకుపోయాడు. మొజాంబిక్ ఒకప్పుడు పోర్చుగీసు వాళ్ల ఏలుబడిలో ఉన్న దేశం. అక్కడ బడి, కచేరీ, బజారు అన్నీ పోర్చుగీసులోనే. పావని పన్నెండు తరగతులూ ఆ భాషలోనే చదివింది, లెక్కల్లోనూ సైన్సులోనూ చక్కటి మార్కులు తెచ్చుకుంది. ఇంగ్లీషు ఆమెకు పై తరగతుల్లో ఒక సబ్జెక్టు మాత్రమే. పుస్తకం చూసి చదవగలదు, ఓపిక పడితే రాయగలదు. నోరు తెరిచి మాట్లాడే అవసరం ఎన్నడూ రాలేదు.

మన దగ్గర మాత్రం విదేశం అంటే ఇంగ్లీషే. యాదిరెడ్డి ఫోన్ చేసినప్పుడు ఊరివాళ్లు బిడ్డకు ఇంగ్లీషు బాగా వస్తుందా అని అడిగేవాళ్లు. మొదట్లో ఆయన అవుననలేదు, కాదనలేదు. కొన్నాళ్లకు తనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ బండి పాడై, భాగస్వామి చేతులెత్తేశాక కుటుంబం ఉత్త చేతులతో తిరిగొచ్చింది. వచ్చేసరికే ఊళ్లో పావనికి ఇంగ్లీషు పిల్ల అని పేరు స్థిరపడిపోయింది. దవాఖాన చీటీ అయినా, మిక్సీ పెట్టెలో వచ్చిన కాగితమైనా ఆమె చేతికే ఇచ్చేవాళ్లు. చదవడం వచ్చు కాబట్టి నెట్టుకొచ్చింది. ఎవరైనా ఏదీ జర మాట్లాడు అని ముచ్చటపడితే నాలుగు ముక్కలు పోర్చుగీసు మాట్లాడేది. ఫారిన్ ఇంగ్లీషు ఇట్లనే ఉంటదని అందరూ మురిసిపోయేవాళ్లు. ఇదంతా ఆమె తర్వాత నాకు నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను.

మా దగ్గర ఆమె కోరుకున్నది భూగర్భ శాస్త్రంలో బీఎస్సీ. బోరులోంచి ఎగజిమ్మే రాతిపొడి రంగు చూస్తూ పెరిగిన పిల్ల, ఆ రంగు ఎందుకు మారుతుందో తెలుసుకోవాలనుకుంది. ఇంతకంటే మంచి కారణం నేను నా సర్వీసులో వినలేదు.

జూలై పరీక్షలో చదవడం, రాయడం గట్టెక్కింది. వినడంలో కొద్దిలో తప్పింది. మాట్లాడే భాగంలో మాత్రం నోరు పెగల్లేదు. ఎదురుగా ముగ్గురం కూర్చుంటాం. కన్వీనర్‌గా నేను, మా విభాగం నుంచి ఒక జూనియర్ అధ్యాపకురాలు, బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడు. మార్కులు వేసేది ఆయనే, మేమిద్దరం సాక్షులం. అభ్యర్థి ఒక చీటీ తీస్తుంది, అందులోని విషయం మీద అయిదు నిమిషాలు మాట్లాడాలి. అందులో కనీసం సగం సేపైనా ఇంగ్లీషు వినబడితేనే మార్కులు వేయడానికి వీలవుతుంది. అంతా రికార్డవుతుంది. పావని రెండు వాక్యాలు చెప్పి తల దించుకుంది.

తండ్రీకూతుళ్లను నా గదికి పిలిచి, సాయంత్రాలు మేము నడిపే ప్రాథమిక ఇంగ్లీషు తరగతిలో చేరమన్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల కోసం పెట్టిన తరగతి అది. పావని వెంటనే తలూపింది. యాదిరెడ్డి ఒప్పుకోలేదు.

“ఆ క్లాసుల మా ఊరి పోరగాండ్లు గూడ ఉన్నరు మేడం” అన్నాడు.

ఉంటే ఏమిటని కాస్త కటువుగానే అడిగాను. 

“బండి పాయె. పార్ట్‌నర్ పాయె. ఇన్నేండ్లు ఆడ ఏం జేసినవ్‌రా అని అడిగితె, బిడ్డకు ఇంగ్లీషు సదువు చెప్పిచ్చిన అంటున్న. గది గూడ లేదంటె ఇంకేం జెప్పాలె మేడం ఊర్ల?”

నాకు ఒళ్లు మండింది. కూతురి భవిష్యత్తు ఒకవైపు, ఊళ్లో మాట ఒకవైపు పెట్టి తూచే మనిషి మీద ఎవరికైనా మండుతుంది. అయినా ఆ ముఖం చూశాక కసరడానికి నోరు రాలేదు. పెద్ద అంబర్‌పేటలోని మా ఇంటికి పంపమన్నాను.

అప్పటి నుంచి ఆయన ఆమెను బైకు మీద తెచ్చి దింపేవాడు. నేను లోపలికి రమ్మన్నా రాకుండా, హైవే పక్కన టీకొట్టు దగ్గర కూర్చునేవాడు. ఊరివాళ్లకు మాత్రం పావనికి కాలేజీ మొదలైందని చెప్పారు. నేను వ్యాకరణం పక్కన పెట్టేశాను. బోరు ఎలా వేస్తారో చెప్పమన్నాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. ముందు ఎర్రమట్టి వస్తుంది, తర్వాత తెల్లపొడి, తర్వాత నల్లపొడి, పొడి తడిగా వస్తే అందరూ మాట్లాడటం ఆపేస్తారు అని చెప్పేది. తప్పులు బోలెడు. కాని మాట ఆగేది కాదు.

“తప్పులు మాట్లాడితె ఫెయిల్ జేస్తరా మేడం?” అని ఒకరోజు అడిగింది. తప్పులకు మార్కులు తగ్గుతాయి గాని ఫెయిల్ చేయరని, మాట్లాడకపోతేనే చేస్తారని చెప్పాను. ఆగస్టు వచ్చేసరికి ఆమె గట్టెక్కుతుందని నాకు నమ్మకం కుదిరింది. నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు.

ఇక్కడ నర్సింహ గురించి చెప్పాలి. నర్సింహ మా విభాగంలో అటెండర్. పావని వాళ్ల ఊరే, ఆమె ఆయన్ను బాబాయి వరస పెట్టి కాక అని పిలిచేది. ఒకరికి కీడు తలపెట్టే మనిషి కాదు, కాని కడుపులో మాట ఆగదు. పొద్దున డిపార్ట్‌మెంటులో జరిగింది రాత్రికల్లా వాళ్ల ఊరి రచ్చబండ మీద ఉండేది. జూలై పరీక్ష నాడు ఆయన సెలవులో ఉన్నాడు. ఆగస్టు పరీక్ష ఏమిటని అడిగితే, విదేశాల్లో చదివినవాళ్లకు ఇంటర్వ్యూ అని చెప్పి ఊరుకున్నాను.

ఆగస్టు పరీక్ష రోజు పొద్దున వినే భాగం జరిగింది. పావని గట్టెక్కింది. మధ్యాహ్నం మాట్లాడే భాగం. బయటి పరీక్షకుడు పెద్దాయన, నిబంధనల మనిషి, మర్యాదస్తుడు. చీటీలో వచ్చిన విషయం, నువ్వు దగ్గర నుంచి చూసిన ఒక పని గురించి చెప్పు అని. నేను నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నాను. అంత అదృష్టం ఎవరికి పడుతుంది?

పావని మొదలుపెట్టింది. మెల్లగా, ఆగి ఆగి, తప్పులతోనే, ఇంగ్లీషులోనే. బోరుబండి వచ్చి నిలబడింది, ఎర్రమట్టి వచ్చింది. పరీక్షకుడు తలూపుతూ రాసుకుంటున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుని నర్సింహ టీ తీసుకొచ్చాడు. భోజనం తర్వాత పరీక్షకుడే టీ అడిగాడు. నర్సింహ మూడు కప్పులూ బల్ల మీద పెట్టి, తమ ఊరి పిల్లను చూసి, ట్రే చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. వెళ్లమని కళ్లతో సైగ చేశాను. ఆయన దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు కాబోలు, ఇంకా పెద్దగా నవ్వాడు.

పావని మాట మధ్యలో ఆగిపోయింది. ఒకసారి నర్సింహ వైపు చూసింది. తర్వాత పరీక్షకుడి కళ్లలోకి సూటిగా చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పోర్చుగీసులో. ఒక్కచోట తడబడలేదు. చేతులు తిప్పుతూ, భూమిలోకి గొట్టం దిగినట్టు చూపిస్తూ, నవ్వుతూ మాట్లాడింది. ఆ పిల్ల గొంతు అంత నిండుగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. పరీక్షకుడు పెన్ను కింద పెట్టాడు. జూనియర్ నా వైపు చూసింది. నర్సింహ ముఖం వెలిగిపోతోంది. కాసేపు విని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు. అప్పటికి సమయం అయిపోవచ్చింది.

ఆమెను బయటికి పంపి, పరీక్షకుడికి సంగతి మొత్తం చెప్పాను. మళ్లీ ఒక చీటీ ఇవ్వమని అడిగాను. రికార్డింగ్ మొదలయ్యాక పరీక్ష తిరిగి మొదలుపెట్టడానికి వీలు లేదన్నాడు. అది నాకూ తెలుసు. తలుపు తెరుచుకోకముందు మాట్లాడిన దానికైనా మార్కులు వేయమన్నాను. ఆయన రికార్డింగ్‌ను ఓపికగా రెండుసార్లు విన్నాడు. ఇంగ్లీషు ఉన్నంతవరకు బాగానే ఉంది, కాని సగానికి సరిపోలేదు. ఆ భాష తనకు రాదు గాని చాలా బాగా మాట్లాడిందని అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. కన్వీనర్‌గా ఫలితం మీద సంతకం పెట్టాను.

పావని వరండాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎందుకిలా చేశావని అడిగాను.

“నర్సింహ కాక నిలవడె గద మేడం. ఆగుకుంట ఆగుకుంట మాట్లాడితె రాత్రికి ఊరంత తెలుస్తుండె. మా బాపు ఇగ బైటికి ఎల్లకపోతుండె.”

“సీటు పోతుందని తెలుసు కదా?”

“అవ్ మేడం, తెలుసు.”

ఆమె ఏడవలేదు. నాకు ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఉద్యోగంలో చేరాక కాలేజీలో ఏడవడం అదే మొదటిసారి.

మర్నాడు నర్సింహ నా బల్ల తుడుస్తూ, ఆ ముచ్చట తనే ఎత్తాడు. “మా ఊరి పిల్ల ఇంగ్లీషు ఇన్నరా మేడం? గంత పెద్ద సార్‌కే సమజ్ గాలె. పెన్ను కింద వెట్టిండు!” నేను అవునన్నాను. ఆ రాత్రికే ఊళ్లో ఆ కథ పాకిపోయి ఉంటుంది. నెలాఖరుకు సీటు రద్దయినప్పుడు ఊరు దానికి కారణం కూడా వెతుక్కుంది. ఆ పిల్ల ఇంగ్లీషు ఇక్కడి సార్లకు అర్థం కాలేదట.

సీటు రద్దయ్యాక యాదిరెడ్డి ఒకసారి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “నా ఇజ్జత్ కాపాడింది మేడం నా బిడ్డ. దాని సదువు వాయె” అని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమెకు దారి దొరకలేదు. తెలుగు మీడియంలో చేరుదామంటే తెలుగు మాట్లాడగలదే గాని రాయలేదు. పోర్చుగీసులో ఎంత చదివినా ఇక్కడ అడిగేవాళ్లు లేరు. వేరే విశ్వవిద్యాలయాలూ ఇంగ్లీషుకు రుజువే అడిగాయి. మళ్లీ ఒక పరీక్ష, మళ్లీ ఊరివాడు ఎవరైనా ఎదురవుతాడేమోనన్న భయం. తండ్రి ఒప్పుకోలేదు, ఆమె గట్టిగా అడగనూ లేదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక బోరుబండి యజమాని ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనిలో కుదిరింది. ఎవరి పొలంలో బండి ఎప్పుడు దిగాలో తెలుగులో చెబుతుంది. నర్సింహ చెప్పిన దాన్ని బట్టి, ఊళ్లో దవాఖాన చీటీలు ఇప్పటికీ ఆమె దగ్గరికే వస్తాయి.

మరుసటి సంవత్సరం నేను నిబంధనల్లో ఒక మార్పు ప్రతిపాదించాను, ఆమోదించారు. మాట్లాడే పరీక్ష జరుగుతున్నంతసేపు గదిలో అభ్యర్థి, పరీక్షకుడు, ఇద్దరు సాక్షులు తప్ప మరెవరూ ఉండకూడదు. ఏ పని మీదైనా ఎవరూ లోపలికి రాకూడదు. టీ పరీక్ష అయ్యాకే. దీనికి కారణం రాయమన్నప్పుడు, అభ్యర్థి ఏకాగ్రత దెబ్బతింటుందని రాశాను. నాకు తెలిసిన అసలు కారణం వేరు. పరీక్ష పెట్టేది మేమే అయినా, అభ్యర్థి ఎవరికి జవాబు చెబుతుందో నిర్ణయించడం మా చేతిలో లేదు. అది గదిలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను రిటైరయ్యేదాకా ఆ నిబంధన అమల్లో ఉంది, ఇప్పటికీ ఉందని విన్నాను. తర్వాత వచ్చిన పిల్లలకు దానివల్ల మేలే జరిగి ఉంటుంది. పావనికి రావలసిన రెండు అవకాశాలూ అప్పటికే అయిపోయాయి.