పగడాలకు పండ్లు తోమిన డాక్టర్

ఒక పంటి డాక్టర్ తన క్లినిక్‌ను తన చేతులతోనే, అదీ ఒక టూత్‌బ్రష్‌తోని, ఎట్ల ఖాళీ చేసుకోవచ్చో మీకు తెలుసా? తెల్వకుంటే జర కూసోండ్రి, చెప్త. ఈ విద్యల నిజామాబాద్ జిల్లా మొత్తం మీద నన్ను మించినోడు లేడు.

అప్పుడు నా చదువు కొత్తగ అయిపోయింది. బోధన్‌ల ఒక మిఠాయి దుకాణం మీది గదిల క్లినిక్ తెరిచిన. కింద జిలేబీ తిన్నోళ్ళు నేరుగ మెట్లెక్కి నా దగ్గరికే వస్తరని నా లెక్క. వాళ్ళు జిలేబీ తిని, మూతి తుడుచుకుని, ఇంటికి పోయేటోళ్ళు. నేను కిటికీల నిలబడి రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లను చూసేటోణ్ణి. ఇప్పుడు తల్చుకుంటే ఆ పనిలేని సాయంత్రాలు గూడ తియ్యగనే అనిపిస్తయి. కింది నుంచి పాకం వాసన, పైనుంచి స్పిరిట్ వాసన, మెట్ల మీద రెండూ కొట్లాడుకునేటివి.

వచ్చిన ఒకరిద్దరు గూడ డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు వింటనే చెప్పులు వెతుక్కునేటోళ్ళు. ఈ బాధ నా క్లాస్‌మేట్ ఇమ్రాన్‌కు ఫోన్ల చెప్పుకున్న. వాడూ హైదరాబాద్‌ల పంటి డాక్టరే గని, వాని ప్రాణమంత ఇంట్ల పెట్టుకున్న ఉప్పునీళ్ళ అక్వేరియం మీదనే.

"వెయిటింగ్ రూమ్‌ల ఒక చిన్న సముద్రం పెట్టు యార్," అన్నడు. "నీళ్ళల్ల పగడాలు మెల్లగ ఊగుతుంటే, చూసుకుంట పన్ను నొప్పే మర్చిపోతరు."

"బోధన్‌ల సముద్రమా?"

"ఉప్పు ప్యాకెట్ల దొరుకుతది. మిగతాది నేను తెస్త."

తెచ్చిండు. గాజు తొట్టి, లైటు, మోటరు, చిల్లులు చిల్లుల రాళ్ళు, వాటి మీద మెత్తటి పగడాలు. చూసేటందుకు మొక్కల లెక్క ఉంటయి గని, అవి జీవాలు. ఒకటి పెద్ద పుట్టగొడుగు లెక్క. ఇంకోటి పచ్చగడ్డి పరిచినట్టు. మూడోదాన్ని చూసి అయితే నేను చిన్నపిలగాన్ని అయిపోయిన. చిటికెన వేలంత చేతుల గుత్తి! ఆ చేతులు పొద్దంత పిడికిళ్ళు మూస్తయి, తెరుస్తయి.

పోయేటప్పుడు ఇమ్రాన్ మెట్ల మీద ఆగి చెప్పిండు. "ఇది కొత్త ట్యాంకు. కొన్నాళ్ళకు రాళ్ళ మీద గోధుమరంగు పాచి పడ్తది. భయపడకు, ముట్టకు. దానంతట అదే పోతది."

"సరే," అన్న. నేను 'సరే' అన్న మాట మీద నిలబడ్డ సందర్భం మా ఇంట్ల ఎవరికీ యాదికి లేదు.

సముద్రం ముచ్చట విని నలుగురు మెట్లెక్కుడు మొదలైంది. పాచి గూడ పడ్డది. మీరే చెప్పుండ్రి, పంటి డాక్టర్ ముంగట అచ్చం గుట్కా మరక లాంటిది పెట్టి, ముట్టకు అంటే ఎట్ల? గుట్కా మరకలు గీకుడే గద నా బతుకుదెరువు! మొదలు ఒక్క రాయి బయటికి తీసిన, చిన్న మూలకు బ్రష్ పెట్టిన. తెల్లగ మెరిసింది. ఇగ చెయ్యి ఆగలే. రాళ్ళన్నీ తీసి, పగడాలకు తాకకుండ పట్టుకుని, నల్లా కింద తోమిన. పైకీ కిందికీ, మేము పేషెంట్లకు చెప్పేటట్టే. సందుల్ల సన్న బ్రష్. ఆఖరికి పండ్ల గార తీసే మిషన్ గూడ పెట్టిన. రాళ్ళు పెండ్లిచూపులకు తయారైన పిలగాని పండ్ల లెక్క అయినయి.

క్లినిక్‌ల చీటీలు రాసే స్వరూపక్క గుమ్మంల నిలబడి అంత చూసింది. "సార్, మౌత్‌వాష్ గూడ పొయ్యమంటరా?"

"వద్దక్కా," అన్న. కొంచెంసేపు ఆలోచించినంకనే అన్న, అబద్ధమెందుకు.

తెల్లారి వచ్చి చూస్తే పుట్టగొడుగు ముడుచుకుపోయింది. గడ్డి లోపలికి గుంజుకుంది, అడుగున గులాబీరంగు తోలే మిగిలింది. చేతులన్నీ పిడికిళ్ళు మూసుకుని వాలిపోయినయి. తెలివైనోడైతే ఆడ ఆగుతుండె. నేనేమో శుభ్రం సరిపోలేదనుకున్న. దినాం నీళ్ళు మార్చుడు, దినాం రాళ్ళు తోముడు. అవి ఇంక ముడుచుకునుడు.

గిట్ల నడుస్తుండంగ మోస్రా ఊరి నుంచి నర్సవ్వ వచ్చింది, దవడ పన్ను ఊగుతుందని. చెంప పట్టుకునే తొట్టి కాడికి పోయి వంగి చూసింది. తెల్లటి రాళ్ళు, వాటి మీద ముడతలు పడ్డ గులాబీ ముద్దలు.

"గివి ఎవలియి బిడ్డా?"

"ఎవలియేంది అవ్వా, నాయే."

"నీయా? నీ నోట్లె అన్నీ సక్కగనే ఉన్నయి గద! మరి గీ సిగుళ్ళు?"

"చిగుళ్ళు గావు అవ్వా, జీవాలు. మొన్నటిదాక మంచిగనే ఉండె. నేను సాఫ్ చేసినంక ఇట్లయినయి."

ఆ మాట అన్నప్పుడు బెంచీ మీద ఇంకో నలుగురున్నరు. అన్నంక బెంచీ ఒక్కటే ఉంది.

మాపటికి కింది మిఠాయి సేటు పైకొచ్చిండు. మొఖం చిన్నగ చేసుకుని, "డాక్టర్ సాబ్, పీకిన చిగుళ్ళను ఉప్పునీళ్ళల్ల ఊరేస్తున్నరట గద? బజారంత అదే మాట. నా గిరాకీ గూడ ఖరాబైతుంది," అన్నడు.

ఇగ సిగ్గు పక్కకు పెట్టి ఇమ్రాన్‌కు వీడియో కాల్ చేసిన.

"రాళ్ళేంది ఇంత తెల్లగున్నయి?" అన్నడు చూస్తనే.

"కొంచెం కడిగిన."

"దేంతోని?"

"నల్లా నీళ్ళు... బ్రష్... మెత్తదేలే!"

వెనక నుంచి స్వరూపక్క అందుకుంది. "మిషన్ గూడ పెట్టిండు సార్."

ఫోన్ల బొమ్మ ఆగిపోయింది. నెట్‌వర్క్ పోయిందనుకున్న. పోలే, వాడు తల పట్టుకున్నడు.

"ఆ రాళ్ళల్ల ఉండే బ్యాక్టీరియానే ట్యాంకును బతికిస్తది రా. ఇప్పుడిప్పుడే కుదురుకుంటుండె, నల్లా కింద పెట్టి చంపినవ్. ఈ పగడాలకు నీళ్ళల్ల జర మురికే తిండి. అద్దం లెక్క చేసి ఉపాసం పెట్టినవ్."

"బ్యాక్టీరియాను బతికించాల్నా? అన్నేండ్లు మనం చదివింది దాన్ని చంపెతందుకే గదరా!"

"అది నోరు, ఇది సముద్రం. ఫోన్ అక్కకియ్యి."

ఆ రోజు నుంచి నా క్లినిక్‌ల నా మీద పహరా మొదలైంది. ఇమ్రాన్ వాని ట్యాంకుల నుంచి ఒక మురికి రాయి తడిబట్టల చుట్టి బస్సుల పంపిండు. దాన్ని అక్కనే నీళ్ళల్ల పెట్టింది. బ్రష్‌లన్నీ బీరువాల పెట్టి తాళం చెవి కొంగుకు కట్టుకుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి చుట్టూ తిరిగేటోణ్ణి. నవ్వుకుంట చెప్తున్న గని, ఆ చిన్న చేతులు కదలకుండ పడి ఉంటే నాకు అన్నం సహించకపోయేది. ఏడ సముద్రం, ఏడ బోధన్! ఇంత దూరం తెచ్చి చంపుకుంటిని గద అనిపించేది.

పాచి మళ్ళ పడ్డది. గోధుమరంగు పోయి పచ్చదనం వచ్చింది. పుట్టగొడుగు మీద మైనం లాంటి పొర లేచి ఊడిపోయింది, కింద కొత్త తోలు బయటపడ్డది. ఒకనాడు పొద్దుగాల నేను మెట్లెక్కుతుంటే పైనుంచి అక్క కేక.

"సార్! చేతులు లేపినయి!"

ఉరికిన. అన్నీ విచ్చుకున్నయి. గుత్తి గుత్తంత పిడికిళ్ళు తెరుసుడు, మూసుడు. నేనూ అక్కా ఒకరి మొఖం ఒకరం చూసుకోలే. ఇద్దరి కండ్లల్లా నీళ్ళే. అవీ ఉప్పునీళ్ళే గద.

బజారంత చూసెతందుకు కదిలొచ్చింది. నర్సవ్వ గూడ వచ్చింది, చెంప మీద చెయ్యి అట్లనే ఉంది.

"ఏం మందు పోసినవ్ బిడ్డా?"

గెలిచిన సంబురంల నా నోరు మళ్ళ నిజం చెప్పింది. "ఏం పొయ్యలే అవ్వా. నేను ముట్టుడు బంద్ చేసిన, వాటంతట అవే మంచిగైనయి."

నర్సవ్వ నన్ను, తొట్టిని, లోపల కుర్చీని ఒక్కొక్కటిగ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే నా పన్నును గూడ ముట్టకు బిడ్డా. గదే మంచిగైతది."

బెంచీ మీదోళ్ళంత నిజమే, నిజమే అనుకుంట లేచిండ్రు.

ఇప్పుడు నిజామాబాద్‌ల ఉంటున్న, పెద్ద క్లినిక్కే. అయినా ఆ మిఠాయి దుకాణం మీది గదే మనసుల మెదులుతది. కాబట్టి, నోట్ల పండ్లన్నీ ఉండంగ, మీ అందరి సాక్షిగ ప్రమాణం చేస్తున్న. బతికున్నంత కాలం ఉప్పునీళ్ళల్ల బ్రష్ పెట్ట. ఒకవేళ పెట్టినా, పేషెంట్ల ముంగట నిజం మాత్రం చెప్ప.