అమ్మకు పెట్టిన అరువు గొంతు

మా ఊరు కొండల మధ్య ఉంది కాబట్టి సినిమావాళ్ళకు నచ్చింది. ఆ కొండల వల్లే మాకు చాలాకాలం బస్సు లేదు. అది వాళ్ళకు పట్టలేదు. మొదట ఒక పాట తీయడానికి వచ్చారు. మా జీడితోటల్లో రంగు పొగలు వదిలి, హీరోయిన్‌ను అటూ ఇటూ పరుగెత్తించి వెళ్ళిపోయారు. తర్వాత ఇంకొకళ్ళు, ఆ తర్వాత సీరియళ్ళవాళ్ళు. మా ఊరి వాగు, మేం గెడ్డ అంటాం, తెర మీద ఒకసారి గోదావరి పాయ అయింది, ఇంకోసారి కేరళ అయింది. ఇన్నేళ్ళలో ఒక్కదాంట్లోనూ మా ఊరి పేరు వినపడలేదు.

ఇవన్నీ నాకు తమాషాగానే ఉంటాయి, ఒక్క సినిమా తప్ప. అందులో మా అమ్మ ఉంది. అమ్మ కదలడం, కసురుకోవడం చూడాలంటే నాకు మిగిలింది ఆ కాస్త ముక్కే. అందులో వినపడే గొంతు మాత్రం అమ్మది కాదు.

ఆ సినిమా తీసేటప్పుడు నేను విజయనగరంలో డిగ్రీ చదువుతూ, సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. కథలో హీరో కొండ దిగి వచ్చి ఒక ముసలమ్మను మంచినీళ్ళు అడగాలట. వాళ్ళు తెచ్చుకున్న నటి వడదెబ్బ తగిలి పడుకుంది. మా అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న అమ్మ డైరెక్టర్ కంట్లో పడింది. అమ్మకు అప్పటికే జుట్టంతా నెరిసిపోయింది. "ఈవిడ సరిపోతుంది" అన్నాడాయన.

అమ్మ లోపలికి పోయి పెట్టెలోంచి పొందూరు చీర తీసి కట్టుకొచ్చింది. బట్టలు చూసే అబ్బాయి తల పట్టుకున్నాడు. "పల్లెటూరి ముసలమ్మలా కనపడాలమ్మా" అని చిరుగుల చీర ఒకటి చేతిలో పెట్టాడు.

"నాను పల్లెటూరిదాన్ని కానేటి? మా ఊర్ల సిరుగుల కోక ఎవులు కట్టినారో సూపించు" అంది అమ్మ. అన్నదే గానీ కట్టుకుంది. సినిమా కదా మరి.

అమ్మను చెప్పమన్న మాట "ఈ ఊరికి కొత్తా బాబూ?" అని. అంతే. అమ్మకు అది రుచించలేదు. ఎండన పడి వచ్చిన మనిషిని ఎవరైనా ముందు ఊరి సంగతి అడుగుతారా? కెమెరా తిరుగుతుండగా హీరో చెంబు ఎత్తబోయాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఒరే నాయనా, ఆగు. ఎండన పడొచ్చి గటగటా తాగితే గుండెల పట్టేస్తాది. కూకో ముందు. కూకుని నెమ్మదిగ తాగు."

హీరో నిజంగానే కూర్చుండిపోయాడు. అందరూ నవ్వారు. డైరెక్టర్ చప్పట్లు కొట్టి "ఇదే ఉంచుదాం" అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను.

సినిమా విజయనగరం వచ్చినప్పుడు ఆటో మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళాం. తెర మీద మా అరుగు వచ్చింది, అమ్మ వచ్చింది. మా వరసంతా ఈలలు. అమ్మ నోరు తెరిచింది. ఎవరో ఆడమనిషి ముక్కుతో, సాగదీసి, మా యాసను వెక్కిరిస్తున్నట్టు "ఏటి బాబూ, ఈ ఊరికి కొత్తేటి?" అంది. హాలు పగలబడి నవ్వింది. మాట అయిపోయింది గానీ అమ్మ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ పెదాల మీద ఉన్నాయి, ఒక్కటీ వినపడలేదు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నా నోట్ల మాటాడతన్నాది ఎవులే?"

దాన్ని డబ్బింగ్ అంటారని చెప్పాను. ఇంటికొచ్చాక "నాను అలగ మాటాడతానేటే?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఎంత బాగా మాట్లాడతావో అని కూడా అనాల్సింది, తోచలేదు.

ఆ పై వానాకాలంలో అమ్మ జ్వరమొచ్చి పోయింది. అప్పటికి మా ఇంట్లో గొంతు రికార్డు చేసే ఫోను లేదు. ఫొటోలు ఉన్నాయి. అన్నింటిలోనూ అమ్మ ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.

చాలా ఏళ్ళకు ఒక సీరియల్ యూనిట్ వచ్చింది. అందులో సౌండ్ చూసే ఆయన మా అరుగు మీద భోంచేస్తూ ఈ కథంతా విన్నాడు. "షూటింగ్‌లో అన్న మాటలు కూడా రికార్డు చేస్తారండీ, డబ్బింగ్‌కి ఆధారం కోసం. మీ అమ్మగారిది ఎక్కడో ఉండొచ్చు" అన్నాడు. అమ్మ గొంతు హైదరాబాద్‌లో ఏదో బీరువాలో ఉంది! కనుక్కుంటానని ఆయన మాటిచ్చాడు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "అడిగానండీ, చూస్తామన్నారు" అనేవాడు. ఆ "ఉండొచ్చు" పట్టుకుని నేను పండుగలు చేసుకున్నాను, నవ్వాను, నిద్రపోయాను.

చివరికి ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. "డబ్బింగ్ అయ్యాక చెరిపేశారటండీ. ఎవరూ దాచరు. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాను? హీరోగారు దగ్గిన దగ్గయితే దాచి ఉండేవాళ్ళు. అమ్మ పోయినప్పుడు నాతో పాటు ఏడవడానికి ఊరంతా ఉంది. ఈ కబురుకు ఏడిస్తే ఎందుకని ఎవరికి చెప్పను?

ఇప్పుడు ఆదివారమైతే విశాఖ నుంచి కుర్రకారు బైకుల మీద దిగుతారు. మా అరుగు మీద కూర్చుని, మా చెంబే అడిగి పుచ్చుకుని, "ఏటి బాబూ, ఈ ఊరికి కొత్తేటి?" అని ముక్కుతో అంటూ రీల్స్ చేసుకుంటారు. మా అమ్మ ఆ మాట అనలేదని కసిరాను కూడా. "సినిమాలో ఉంది కదా ఆంటీ" అన్నారు. ఉంది మరి, కాదనలేను.

నాకు మిగిలిన ఉపాయం ఒకటే. ఫోనులో ఆ ముక్క పెట్టుకుని సౌండ్ తీసేస్తాను. అప్పుడు పెదాలు అమ్మవే, మాటలూ అమ్మవే. ఒరే నాయనా, ఆగు. అలా చూస్తుంటే అమ్మ గొంతు దానంతట అదే నా చెవిలో పలికేది. ఇన్నేళ్ళూ దాంతోనే సరిపెట్టుకున్నాను.

మొన్న కూడా అలాగే పెట్టుకున్నాను. పెదాలు కదిలాయి. "కూకో ముందు" అన్నచోట నా చెవిలో పలికింది ఆ ముక్కు గొంతు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మళ్ళీ అదే. భయమేసి ఫోను పక్కన పడేశాను. కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు అమ్మ నన్ను అన్నానికి పిలిచిన పిలుపు గుర్తు చేసుకోబోయాను. "ఒసే, రాయే, బువ్వ సల్లారిపోతన్నాది." మాటలన్నీ వచ్చాయి. పిలుస్తున్నది మాత్రం ఆ డబ్బింగ్ ఆవిడ.