తీసేసినవి ఎక్కడ పెడతారు

తెలుగు బడి సైట్ నా హోంవర్క్‌ను మొదటిసారి వెనక్కి తోసింది ఒక మంగళవారం పొద్దున. ఫోన్‌లో పేజీ అంతా తెల్లబడిపోయి, పైన నల్లగా ఏదో ఇంగ్లీషు మాట వచ్చింది. నేను తెలుగు అక్షరాలు మొదలుపెట్టి అప్పటికి ఏడాదిన్నర. ఇంగ్లీషు రాదు. మనవరాలు బడి నుంచి వచ్చేదాకా ఆ పేజీని కదపకుండా అలాగే ఉంచాను. అది బూట్లు కూడా విప్పకుండా చూసింది.

"అమ్మమ్మా, ఫర్బిడెన్ అని ఉంది. అంటే యూ ఆర్ నాట్ అలౌడ్, రాకూడదు."

"ఎవరు? నేనా?"

"యా, నువ్వే."

తర్వాత తన హోంవర్క్ పంపింది. అరటి, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత. ఐదు మాటలూ చప్పున వెళ్లిపోయాయి. పచ్చటి టిక్కు కూడా వచ్చింది.

నేనూ అదీ ఒకే క్లాసు. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో ఆదివారాలు ఒక హాలు అద్దెకు తీసుకుని పిల్లలకు తెలుగు చెబుతారు. దాన్ని తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. తలుపు తెరిచే ఉండేది, లోపల అ ఆ అంటుంటే నా నోరు కూడా కదిలేది. ఒకరోజు టీచరమ్మ బయటికొచ్చి, "ఆంటీ, లోపలికొచ్చి కూర్చోండి, కుర్చీ ఖాళీగానే ఉంది," అంది. అది పిల్లల కుర్చీ, మోకాళ్లు గడ్డానికి తగిలేవి. యాభై ఎనిమిదేళ్ల వయసులో అలా మొదలుపెట్టాను.

ఆ టీచరమ్మ మీదే నాకు అనుమానం వచ్చింది. దానికి కారణం ఉంది. ఆ మంగళవారానికి రెండు రోజుల ముందు, క్లాసు అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. నవ్వుతూనే అడిగింది.

"ఆంటీ, బోర్డు మీద నాలుగు మాటలు రాయడానికి అంతసేపు పడుతుంది కదా మీకు. ఇంటి నుంచి మాత్రం పేజీలకు పేజీలు వస్తున్నాయి. అమ్మాయిగారు సాయం చేస్తున్నారా?"

"లేదమ్మా, నేనే రాస్తున్న."

"చేస్తే తప్పని కాదండీ. పై క్లాసుకి పంపాలంటే మీ అంతట మీరు రాయాలి కదా, అందుకని."

నా వేళ్లు బీడీలు చుట్టి చుట్టి వంగిపోయిన వేళ్లు. సుద్దముక్క పట్టుకుంటే జారుతుంది. ఫోన్‌లో అయితే అక్షరం బొటనవేలి కిందికే వస్తుంది, నొక్కితే చాలు. ఇదంతా చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. మూడు హోంవర్కులు తప్పితే అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చోవాలని వాళ్ల నియమం. పై క్లాసులో ఉత్తరాలు రాయిస్తారు. నాకు ఆ క్లాసు కావాలి. ఆదివారం ఆ మాట, మంగళవారం ఈ అడ్డు. రెండూ కలిపి చూడకుండా ఎట్లా ఉంటాను?

చదువు రానివాళ్లకు అనుమానం ఎక్కువని అందరూ అంటారు. ఎందుకు ఎక్కువో ఎవరూ అడగరు. చిన్నప్పుడు మగ్గాల పనికి భీవండి పోయిన మా అక్క అక్కడి నుంచి ఉత్తరం రాయించి పంపేది. మా వాడలో ఒకాయన చదివిపెట్టేవాడు. కాగితానికి రెండు వైపులా చీమలు పాకినట్టు రాత ఉండేది. ఆయన మాత్రం, "బాగున్నరట, నిన్ను అడిగినరట," అని మడిచి ఇచ్చేసేవాడు. అంత రాతలో ఇంతేనా ఉంది? మిగిలింది ఆయన మింగాడని నాకు తెలుసు. అప్పటి నుంచి ఏ రాతైనా ఎంత పొడుగుందో చూడటం నాకు అలవాటైంది.

ఆ అలవాటుతోనే బుధవారం పరీక్ష పెట్టాను. హోంవర్క్ పెట్టెలో 'అమ్మ' అని ఒక్క మాట రాసి నొక్కాను. వెళ్లింది. రెండు వాక్యాలు రాశాను. వెళ్లింది. నా పేజీ మొత్తం పెట్టాను. ఫర్బిడెన్.

ఆ వారం ఇచ్చిన విషయం 'నాకు తెలిసిన పని'. నేను బీడీల గురించి రాశాను. తునికాకు నానబెట్టడం, రేకు ముక్క పెట్టి కత్తిరించడం, పొగాకు సమంగా పరచడం, మూతి మడవడం, దారం చుట్టడం. పిల్లల బడిలో పొగాకు మాట ఉంటే ఆపుతారేమోనని అనుమానం వచ్చింది. బీడీ అన్న చోటల్లా 'ఆకు' అని మార్చాను. అయినా ఫర్బిడెన్. అంటే బీడీ మీద కోపం కాదు, నా మీదే.

సాయంత్రం మా అమ్మాయి చేత సైట్ చూసే అబ్బాయికి ఫోన్ చేయించాను. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఆయన కూతురూ మా క్లాసే. బడి సైట్‌ను ఖాళీ ఉన్నప్పుడు ఆయనే చూసిపెడతాడు.

"ఈ వారమే సైట్‌ను కొత్త హోస్టింగ్‌కి, అంటే వేరే కంపెనీ సర్వర్‌లోకి మార్చాను ఆంటీ, పాతవాళ్లు మరీ స్లోగా ఉన్నారు. గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టాను."

"నాకు ఇంగ్లీషు రాదు గద బిడ్డా."

"అయ్యో, సారీ ఆంటీ. ఉండండి, ఇప్పుడే టెస్ట్ చేస్తా." కాసేపు టకటకమని చప్పుడు. "ఇదిగో, మీలాగే ఒక పేజీ పొడుగు ఇంగ్లీష్‌లో పంపించా. వెళ్లింది. మా సైడ్ అంతా ఓకే."

ఇంగ్లీషు పోతుంది. పిల్లల తెలుగు పోతుంది. నాది పోదు. వాళ్ల వైపు అంతా ఓకే. టీచరమ్మా, ఈ అబ్బాయీ మాట్లాడుకునే చేస్తున్నారని ఆ రాత్రికి గట్టిగా నమ్మేశాను.

గురువారం పొద్దున పదకొండింటికి ఇంట్లో నేనొక్కదాన్నే. పేజీ మళ్లీ పెట్టాను. ఎలాగూ ఎవరి కంటా పడేది లేదు కదా అని చివర రెండు వాక్యాలు కలిపాను. "ఓ టీచరమ్మా, నీ కండ్లు నెత్తికెక్కినయ్. ముసల్ది నాలుగు అక్షరాలు నేర్సుకుంటే ఓర్వలేకపోతున్నవ్." నొక్కాను. ఫర్బిడెన్. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. శుక్రవారం ఇంకో నాలుగు కలిపాను. "ఆ కంప్యూటర్ పిలగాడు నవ్వుకుంట నవ్వుకుంట తలుపు పెట్టే రకం. వాని సర్వర్ల మన్ను వడ." ఫర్బిడెన్. ఆ తర్వాతి వారం సగం దాకా అదే పని. ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతిరోజూ పదకొండింటికి టీ తాగడం, పేజీ తెరవడం, కొత్తవి కలపడం, నొక్కడం. మధ్యలో వచ్చిన ఆదివారం జ్వరమని అబద్ధం చెప్పి క్లాసు మానేశాను. బుధవారానికల్లా బీడీల కన్నా తిట్లే ఎక్కువయ్యాయి. హోంవర్కులు మాత్రం రెండు తప్పాయి. మూడోది కూడా తప్పితే అంతే.

ఆదివారం తిట్లన్నీ చెరిపేసి, బీడీల పేజీ ఒక్కటీ ఫోన్‌లో ఉంచుకుని, బడికి ముందే వెళ్లాను. ఆ అబ్బాయి బయట బెంచీ మీద ల్యాప్‌టాప్‌తో ఉన్నాడు. పక్కన కూర్చుని, "నా ఎదురుంగ చూడు బిడ్డా," అని నొక్కి చూపించాను. తెల్ల పేజీ వచ్చింది. ఆయన మొహం మారింది. నటిస్తున్నాడా అని ఒక కంట కనిపెడుతూనే ఉన్నాను.

"సర్వర్ అంటే ఒక్కటే వస్తువు కాదు ఆంటీ. దానికి మాడ్యూళ్లని ముక్కలు తగిలిస్తారు, ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. ఒకటి అడ్రసులు సరిచేస్తుంది, ఒకటి ఫొటోలు చిన్నవి చేస్తుంది. కొత్త హోస్టింగ్‌లో మనం అడగనివి కూడా తగిలించి ఉండొచ్చు. ఒక్కోటి ఆపి చూద్దాం."

సెట్టింగుల ఫైల్ తెరిచాడు. ఒక ముక్క ఆపాడు. "నొక్కండి." ఫర్బిడెన్. ఇంకోటి ఆపాడు. "ఇప్పుడు?" ఫర్బిడెన్. నాలుగోది ఆపితే సైట్ మొత్తం పడిపోయింది, గబగబా మళ్లీ పెట్టాడు. నుదురు తుడుచుకుని, "విచిత్రంగా ఉందే. సైట్ లాగ్‌లో, అంటే వచ్చినవన్నీ నమోదయ్యే చోట, మీరు పంపినట్టే లేదు ఆంటీ. నిజంగా నొక్కుతున్నారా?" అన్నాడు.

"నీ కండ్ల ముందటనే గద నొక్కుతున్న!"

వీడు కూడా నన్నే అంటున్నాడు. అప్పుడు నాకు బీడీల కార్ఖానా గుర్తొచ్చింది. అక్కడ కట్టలు చూసి తీసుకునేవాడు ఒకడుండేవాడు. నచ్చని కట్టలు పక్కకు విసిరేసేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. కానీ తీసేసినవి మాకు తిరిగిచ్చేవాడూ కాదు. వెనకాల గంపలో వేసుకునేవాడు.

"బిడ్డా, తీసేసినయి ఏడ పెడ్తరు?" అన్నాను.

"ఏంటాంటీ?"

"నాది తీసేసినోడు ఎవడో ఉంటడు గద. తీసేసినోడు ఊకె పారెయ్యడు. ఏడనో ఒక దగ్గర దాసి పెట్టుకుంటడు. ఆ గంప చూడు."

ఆయన నా వంక ఒక క్షణం చూశాడు. "సైట్ దాకానే రావట్లేదంటే... ముందే గేటు దగ్గర ఆపుతున్నారు." మళ్లీ టకటక. "ఉంది! సెక్యూరిటీ మాడ్యూల్. కాపలావాడు అనుకోండి. కొత్త హోస్టింగ్‌వాళ్లు చెప్పకుండా ఆన్ చేసి పెట్టారు. తేడాగా కనిపించింది ఏదొచ్చినా ఆపేసి, రిజిస్టర్‌లో రాసుకుంటుంది. ఇదిగో ఆంటీ, మీ గంప."

తెర నిండా వరుసలు. ప్రతి వరుస ముందూ తేదీ, టైము. "ఇవన్నీ మీవే. పంపింది పంపినట్టు మొత్తం దాచింది."

"మొత్తమా?"

"అక్షరం పొల్లు పోకుండా."

వంగి చూశాను. తెలుగు కనబడలేదు. శాతం గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మళ్లీ శాతం గుర్తులు. బతికానురా అనుకున్నాను. ఆయన మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు.

"ఇప్పుడర్థమైంది! ఒక పెట్టెలో ఇంత బరువే పట్టాలని దీనికి ఒక లెక్క ఉంది. ఇంగ్లీష్ అక్షరం ఒక్కొక్కటి ఒక వంతు బరువు. తెలుగుది మూడు వంతులు. గుణింతానికి మళ్లీ మూడు, ఒత్తు పడితే ఇంకా ఎక్కువ. అందుకే నా పేజీ పట్టింది, మీ పేజీ పట్టలేదు. పిల్లలు ఐదు మాటలే రాస్తారు కాబట్టి వాళ్లకు తెలియలేదు. ఒక్క నిమిషం, దీన్ని తెలుగులోకి మార్చి లెక్క చూస్తా."

"వద్దు బిడ్డా! నీకెందుకు అంత కష్టం?"

"కష్టమేముంది ఆంటీ, ఒక్క క్లిక్."

శాతం గుర్తులు పోయి నా అక్షరాలు వచ్చాయి. తునికాకు, రేకు, దారం. ఆయన పైనుంచి కిందికి జరుపుతూ వెళ్లి చివర ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. లోపల క్లాసు ఎప్పుడో మొదలైంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు విరామం ఇచ్చి టీచరమ్మ బయటికొచ్చింది. "దొరికిందా అండీ ప్రాబ్లెమ్?" అంటూ మా వెనక నిలబడింది. ఆయన ల్యాప్‌టాప్ మూయబోయాడు, అప్పటికే ఆలస్యమైంది. ఆమె చదువుతుంటే నేను నేల చూస్తూ కూర్చున్నాను. నాకు చదవడం నేర్పిన మనిషి నా రాత అంత నెమ్మదిగా చదవడం అదే మొదటిసారి.

"నీ కండ్లు నెత్తికెక్కినయ్," అని పైకే చదివింది. "ఇది నాకేనాండీ?"

తెర మీద వేలు పెట్టి నా వైపు తిరిగింది.

"ఇవి ఎవరు రాశారు ఆంటీ?"

తప్పించుకునే దారి ఒకటుంది. మా అమ్మాయి రాసిందనొచ్చు, ఎవరో ఫోన్ తీసుకున్నారనొచ్చు. ఆ మాట అంటే తిట్లు నావి కావు. కానీ అక్షరాలు కూడా నావి కాకుండా పోతాయి. పై క్లాసు సంగతి పక్కన పెట్టినా, ఏడాదిన్నర పిల్లల కుర్చీలో కూర్చున్నది ఉత్తదే అవుతుంది.

"నేనే రాసిన," అన్నాను.

ఆమె తెర వంక వంగి తేదీలు చూసింది. ఆ అబ్బాయి గొంతు సవరించుకుని, "తిట్లున్నవన్నీ వీక్‌డేస్‌లోనే, పదకొండు గంటల టైములో," అన్నాడు.

"అప్పుడు ఇంట్లో ఎవరుంటారు?"

"నేను దప్ప ఎవ్వరుండరు. పిల్ల బడికి పోతది, మా బిడ్డ ఆఫీసుకు పోతది. అయినా మా బిడ్డకు గిట్ల దిట్ట రాదమ్మా. దానికి ఇంగ్లీషుల దిట్టుడే ఎరుక."

ఆ అబ్బాయి దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. టీచరమ్మ నవ్వలేదు. కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంది.

"ఒక్క పేజీ రాయండ్రా అని పిల్లల్ని ప్రతి వారం బతిమాలతాను. మీరు నన్ను తిట్టడానికే రెండు పేజీలు రాశారు," అంది. కళ్లజోడు పెట్టుకుని, "మిమ్మల్ని అలా అడగకుండా ఉండాల్సింది. మీ పేజీ మీ చేతే చదివిస్తే సరిపోయేది కదా," అంది.

"నేను కూడా అనకుండ ఉండేది ఉండె."

"సర్వర్‌లో మన్ను పడమన్నది నన్నేనా ఆంటీ?" అన్నాడు ఆ అబ్బాయి. నేను ఫోన్‌లో బీడీల పేజీ మళ్లీ తెరిచాను.

కాపలా తీసేయనన్నాడు, హోంవర్క్ పేజీకి మాత్రం బరువు పెంచుతానన్నాడు. ఏదో రాసి, "నొక్కండి," అన్నాడు. నొక్కాను. పచ్చటి టిక్కు వచ్చింది. నమ్మలేదు.

"నీకు వచ్చిందామ్మా? ఆఖరి మాట ఏముందో చదువు," అన్నాను టీచరమ్మతో.

ఆమె తన ఫోన్ తెరిచి చదివింది. "కట్టకు ఇరవై ఐదు." తర్వాత, "ఇంతేనాండీ, ఇంకేమైనా ఉందా?" అని నా వైపు అనుమానంగా చూసింది.

"ఇంతే."

ఇప్పుడు పై క్లాసులో ఉన్నాను. ఉత్తరాలు రాస్తున్నాను, వెళ్తున్నాయి. పంపిన ప్రతిసారీ ఆమెకు ఫోన్ చేసి ఆఖరి మాట చదివించుకుంటాను, విసుక్కోకుండా చదువుతుంది. ఆ రిజిస్టర్ సంగతే నాకు తేలలేదు. నావి చెరిపెయ్యమని ఆ రోజే అడిగాను. పాతవి కొన్నాళ్లకు వాటంతట అవే పోతాయన్నాడు ఆ అబ్బాయి. ఎన్నాళ్లకు అన్నాను. చూసి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.